పిడకల కింద అరుగు

జల్లెడలు అమ్మేవాడు కేక ఎలా వెయ్యాలో ఏ గురువూ ఏ రాజకుమారుడికీ నేర్పలేదు. కత్తి తిప్పడం నేర్పారు, మదపుటేనుగును లొంగదీయడం నేర్పారు, శత్రువుల గుడారంలోకి చప్పుడు కాకుండా జొరబడడం నేర్పారు. కేక మాత్రం మరిచిపోయారు. అందువల్ల శిఖిపురం యువరాజు మణికేతుడు మాసిన పాగా చుట్టుకుని, భుజాన పది వెదురు జల్లెడలు వేలాడేసుకుని, మధ్యాహ్నపు ఎండలో తామ్రనగరం పడమటి కోటవాకిలి దాటి "జల్లెడలు! జల్లెడలు!" అని అరిస్తే, అది అంగడి కేకలా కాక యుద్ధానికి పిలుపులా వినిపించింది. వాకిలి పక్కన పడుకున్న కుక్క ఒకటి లేచి, ఇతనితో మనకెందుకన్నట్టు దూరంగా పోయి పడుకుంది.

వెనక్కి తిరిగే వీలు అతనికి లేదు. మొలతాడుకు కట్టిన చిన్న మూటలో శ్వేతమూలిక ఉంది. ఆ వేరు కోసం ఏడు రోజులు అడవుల్లో నడిచాడు. రెండు తలల కొండచిలువ నిద్రపోయేదాకా దాని తలల మధ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అదంతా చెల్లెలు మందారిక కోసం. మాంత్రికుడు ఘూకాక్షుడు తనను పెళ్ళాడమని అడిగితే ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వు ఆగకముందే వాడు మంత్రదండం తాకించాడు. పాదాల దగ్గర మొదలై పైపైకి కొయ్యబారుతూ, ఇప్పుడామె శిఖిపురం కొలువుకూటంలో ఒక కొయ్యస్తంభం. గుండె ఒక్కటే ఇంకా కొట్టుకుంటోంది. ఈ సాయంత్రం పున్నమి చంద్రుడు పైకి వచ్చేలోగా ఆ వేరు రసం పెదవులకు తగలకపోతే ఆ గుండె కూడా ఆగిపోతుంది.

శిఖిపురానికి దారి ఒక్కటే. తామ్రనగరాన్ని అడ్డంగా దాటాలి. తూర్పు చివర లోయ మీద రాతి వంతెన. వంతెన ఆవల చింతతోపులో అతని గుర్రం. అక్కడి నుంచి నాలుగు క్రోసులు. ఆ నగరానికి రాజు పేరుకొకడున్నాడు గానీ, అక్కడ ఆకు కదలాలన్నా ఘూకాక్షుడి సెలవు కావాలి.

ఏం నగరమది! రాగిరేకులు తాపిన గోపురాలు ఎండకు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. మేడల కిటికీలకు ఎర్రచందనపు జాలీలు, జాలీల వెనక పంజరాల్లో చిలకలు, చిలకల గొంతులకు ముత్యాల పేరులు. వీధుల్లో పన్నీరు చల్లిన తడి, పూలచెండ్ల దుకాణాలు, ఏనుగు దంతంతో చేసిన పల్లకీలు. ఇంత వైభవంలోనూ ఏదో లోటు అతని కంటికి తగులుతూనే ఉంది. నాలుగు వీధులు నడిచాక గాని అదేమిటో తెలియలేదు. ఏ ఇంటి ముందూ అరుగు లేదు. గోడ వారన అరుగు ఉండాల్సినచోట పచ్చిమట్టి మచ్చ మాత్రం ఉంది. ముందుపళ్ళు ఊడిన నోళ్ళలా ఉన్నాయి ఆ ఇళ్ళు. దారిన పోయేవాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడే ఊపిరి తీసుకుంటున్నారు. తలుపులన్నీ మూసి ఉన్నాయి.

నాలుగో వీధి మలుపులో ఒక కావలివాడు అడ్డం వచ్చాడు. "ఏరా, జల్లెడ ఎంతకిస్తావ్?"

"తమ చిత్తం, ఆర్యా! తమకు తోచినంత ప్రసాదించండి" అన్నాడు మణికేతుడు.

కావలివాడి నోరు తెరుచుకుంది. "ఆర్యానా? నా ఆలి నన్ను ఒరేయ్ అని పిలుస్తుంది. జల్లెడలవాడివి నువ్వు ఆర్యా అంటావా? ఎవడ్రా నువ్వు?" అని కొమ్ముబూర అందుకుని ఊదాడు.

బూర మోగిందో లేదో, గోడల నీడల్లోంచి మనుషులు లేచారు. వాళ్ళకు మొహాలు లేవు. వాళ్ళే ఘూకాక్షుడి ఛాయాభటులు. వాళ్ళు మనిషిని ముట్టుకోరు, మనిషి నీడను పట్టుకుంటారు. నీడ దొరికిందా, మనిషి దొరికినట్టే. మణికేతుడు పరుగు లంకించుకున్నాడు. పూలచెండ్ల బుట్టలు దూకాడు, ఒక పల్లకీ కింద నుంచి దూరాడు, ఒంటెల బారు మధ్యనుంచి జారాడు. ఎండ పొద్దు కొద్దికొద్దిగా పడమటికి వాలుతోంది. అతని నీడ మూరెడు సాగింది. నల్లటి వేళ్ళు దాని అంచులు గీరుతూ వస్తున్నాయి. కుడివైపు ఒక సందు కనిపిస్తే అందులోకి తిరిగాడు. సందు చివర గోడ.

ఆ గోడ పక్కన చిన్న పెంకుటిల్లు, ఇంటి ముందు నడుమెత్తు పిడకల గుట్ట. ఇక దారి లేక దాని మీదికి దూకాడు. పిడకలు పెళపెళ విరిగి, అతను వాటి అడుగున గట్టిగా, చల్లగా, నునుపుగా ఉన్న దేని మీదో కూలబడ్డాడు.

ఛాయాభటులు ఆగిపోయారు. అర్ధచంద్రాకారంగా నిలబడి చేతులు చాచారు. అతని నీడ కళ్ళెదుటే ఉంది. అయినా ఆ వేళ్ళు దాని మీద నిలవలేదు, నూనె పూసిన దాని మీద జారినట్టు జారిపోయాయి.

అప్పుడు ఇంట్లోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది. "ఓ గుంజా! పొద్దున్నే పేర్చిన పిడకల మీద ఎవడో వచ్చి పడ్డాడని ఆయనగారికి చెప్పవే. ఆయనగారికి చెవులున్నాయో, అవి కూడా గడ్డపారతో కుళ్ళగించుకున్నారో కనుక్కో."

తలుపు తెరుచుకుంది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, చేతుల నిండా ఉలిదెబ్బల కాయలు, తల వంచుకుని బయటికొచ్చాడు. అతను రాతిపని తిప్పన. వెనకే చెంబుతో వచ్చిన ఇల్లాలు కామసాని. ఆవిడ మొగుడి వైపు చూడలేదు, వసారా గుంజ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరూ వీధిలో నిలబడ్డ నీడలను చూశారు. ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. పిడకల కింద ఏముందో నీడలకు తెలిసిపోయింది. నగరంలో మిగిలిన చివరి అరుగు అది.

మణికేతుడికి ఆ సంగతి ఒక్క క్షణంలో అర్థమైంది. "క్షమించండి. మీకు ముప్పు తెచ్చాను. దిగిపోతాను" అని లేవబోయాడు. మోకాళ్ళు లేవలేదు. రాయి అతన్ని అంటిపెట్టుకున్నట్టయింది.

"ఎక్కడికయ్యా దిగేది?" అంది కామసాని. "అరుగెక్కిన మనిషి ఈ ఇంటి నీళ్ళు తాగకుండా దిగలేడు. ఇచ్చేదాకా ఈ ఇల్లూ కదల్లేదు. ఏ తల్లి కన్న బిడ్డవో, ముందు తాగు. తర్వాత చచ్చినా బతికినా నీ ఇష్టం."

ఏడు రోజుల్లో అతనికి ఒకరు ఇచ్చిన మొదటి గుక్కెడు నీళ్ళు అవి. పేరు అడగలేదు. ఊరు అడగలేదు. మణికేతుడి కళ్ళు చెమర్చాయి. తామ్రపాత్రల్లో, బంగారు గిన్నెల్లో తాగిన ఏ పానకమూ అంత తియ్యగా అనిపించలేదు.

"మూడు నెలల కిందట చాటింపు వేశారు నాయనా" అన్నాడు తిప్పన నెమ్మదిగా, నీడల వంక చూస్తూనే. "అరుగులన్నీ తీసెయ్యాలని. తియ్యనివాణ్ణి వంతెన మీంచి లోయలోకి తోసేస్తామని. ఈ ఊళ్ళో అరుగులన్నీ మా నాన్న, నేను కట్టినవే. తియ్యమన్నదీ నన్నే."

"ఓ గుంజా! మూడు వందల అరుగులు కూలగొట్టిన చేతులకి ఆ రాత్రి అన్నం ఎలా సహించిందో అడుగు" అంది కామసాని.

తిప్పన వంగి విరిగిన పిడక ఒకటి ఏరి పక్కన పెట్టాడు. మూడు నెలలుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఆ గుంజ మీదుగానే నడుస్తున్నాయని తెలుస్తూనే ఉంది. నున్నటి ఆ టేకు గుంజను చూస్తే మణికేతుడికి చెల్లెలు గుర్తుకొచ్చింది. కొలువుకూటంలో స్తంభంలా నిలబడి ఆమె ఇన్నాళ్ళూ అందరి మాటలూ వింటూనే ఉండి ఉంటుంది. ఆమెతో ఒక్కరైనా మాట్లాడి ఉంటారా? ఆ ఆలోచన వచ్చేసరికి ఉన్న సంగతంతా చెప్పేశాడు.

"అరుగులంటే మాంత్రికుడికి అంత భయం ఎందుకు?" అని అడిగాడు చివర.

"ఇంట్లో ప్రతి అడుగు నేలా ఎవరో ఒకరిదే నాయనా" అన్నాడు తిప్పన. "వంటిల్లు ఆవిడది. పెరట్లో బండ నాది. పడకటింటి మూల మా అమ్మది, ఆవిడ పోయినా ఆవిడదే. అరుగొక్కటే ఇంటివాళ్ళది కాదు. అది ఇంకా రానివాడిది. పునాది తీసేటప్పుడే వాడి పేరున వదిలేస్తాం. ఒకరికి ఇచ్చేసిన చోటు మీద ఎవడి మంత్రమూ పారదు. నీ నీడ చూడు, వాళ్ళకి దొరికిందా?"

మణికేతుడు చల్లని రాతిని అరచేత్తో నిమిరాడు. తనకోసం, తాను పుట్టకముందే, తన పేరు తెలియని మనిషి ఇది చెక్కాడు. "మా కోటకు పన్నెండు వాకిళ్ళున్నాయి" అన్నాడు. "ఒక్కదానికీ అరుగు లేదు. ఇన్నాళ్ళూ అది గొప్ప అనుకున్నాను."

"అదేం గొప్ప? వచ్చినవాడు నిలబడాల్సిందేగా" అంది కామసాని. తర్వాత కాస్త మెత్తబడి, సందు మొదట్లో పెద్ద వీధి వైపు చెయ్యి చూపించింది. "కాసేపట్లో గడ్డిబండ్లు వస్తాయి. ఇంటెత్తు గడ్డి. వాటి నీడలో కలిసి నడిచావంటే నీ నీడ వీళ్ళకి చిక్కదు. వంతెన దాకా పోవచ్చు."

దూరంగా ఎడ్ల మువ్వలు వినిపించాయి. మణికేతుడి గుండె సంతోషంతో పొంగింది. చెల్లెలు బతుకుతుంది! వీళ్ళు బతికించారు! అతను రాజబిడ్డ. రాజబిడ్డలకు కృతజ్ఞత చెప్పే పద్ధతి ఒక్కటే తెలుసు, ఒంటి మీది సొమ్ము ఏదైనా తీసి ఇవ్వడం. నీలం పొదిగిన ఉంగరం పాగా మడతలోంచి లాగి, తాను కూర్చున్న రాతి మీద పెట్టాడు. "ఇది ఈ చోటు విలువకు సరిపోదు. అయినా నా కోసం..."

"అయ్యో, వద్దు!" అని మొగుడూ పెళ్ళామూ ఒక్కసారే అరిచారు.

ఆలస్యమైపోయింది. అరుగు మీద కూర్చున్న మనిషి దానికి ప్రతిఫలంగా ఏదీ పెట్టకూడదు. పెట్టాడా, ఇచ్చిన చోటు కాస్తా కొన్న చోటు అవుతుంది. ఆ నగరంలో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన ఆ సంగతి, పన్నెండు వాకిళ్ళ కోటలో పుట్టినవాడికి తెలియలేదు. చల్లటి రాయి ఒక్కసారిగా వేడెక్కింది. ఛాయాభటులు ఒక్క ఉదుటున మీద పడ్డారు. నల్లటి చెయ్యి ఒకటి అతని నీడ చీలమండను ఒడిసిపట్టింది. ఎవరో కాలు పట్టి లాగినట్టు మణికేతుడు వీధిలో బోర్లా పడ్డాడు.

"ఇంత మంచి పిల్లాడికి ఇంత తెలివితక్కువా!" అని తల కొట్టుకుని, కామసాని ఎదురింటి వైపు తిరిగి గొంతు చించుకుంది. "పోలమ్మక్కా! ఓ పోలమ్మక్కా! నీ గుమ్మం ముందర ఏదన్నా వెయ్యి! ఏదైనా సరే! ఒక బిడ్డ పోతున్నాడు!"

ఎదురింటి తలుపు కిర్రుమంది. ముడుతలు పడ్డ మొహం ఒకటి బయటికి తొంగిచూసి, నీడలను చూసి, లోపలికి పోయింది. అయిపోయిందనుకున్నాడు మణికేతుడు. మరుక్షణం దడదడ శబ్దంతో ఒక రాతి రోలు గడప మీదుగా దొర్లుకుంటూ వచ్చి, పాత అరుగు మచ్చ మీద బోర్లా పడింది. "కూర్చో నాయనా" అంది పోలమ్మ, చెంబు ముందుకు చాచి.

మణికేతుడు నేల మీద ఈదినట్టు పాకి ఆ రోలు మీద చెయ్యి వేశాడు. చీలమండ మీది పట్టు సడలింది. ఎక్కి కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. అరుగంటే రాళ్ళూ మట్టీ మాత్రమే కాదని, కూర్చోమన్న మాట ముందని, రాయి తర్వాతేనని అతనికి అప్పుడు తెలిసింది.

ఆ కేక సందు దాటి, వంతెన దాకా పోయే పెద్ద వీధి పొడవునా ఇల్లిల్లూ పాకింది. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పోలమ్మ పక్కింటివాళ్ళు నులకమంచం విసిరేశారు. ఆ పక్క ఇంటి మంగలి తన పనిపీట వేశాడు. తర్వాత ఒక గంప బోర్లించారు. ఆ తర్వాత పెళ్ళిపీట, ఒక ధాన్యపు మూట, ఒక తిరగలి, ఒక పాతపెట్టె. ప్రతి ఇంటి ముందూ "కూర్చో", "కూర్చో బాబూ", "కూర్చో తండ్రీ" అనే మాట. మణికేతుడు రోలు నుంచి మంచానికి, మంచం నుంచి పీటకు దూకుతున్నాడు. నడిమధ్య గాలిలో ఉన్నప్పుడు నీడలు అందుకోబోతాయి, కాళ్ళు ఆనగానే జారిపోతాయి. అయితే నీళ్ళు తాగకుండా ఎక్కడా దిగడానికి లేదాయె! ఒకచోట నీళ్ళు, ఒకచోట మజ్జిగ, ఒకచోట సబ్జా పానకం, ఇంకోచోట ఏదో కషాయం. పదిహేడు ఇళ్ళు దాటేసరికి పొట్ట ఉట్టి మీద కుండలా ఊగుతోంది. ప్రతి ఇంటి దగ్గరా చేతులు జోడించబోయాడు, ప్రతిసారీ ఒక ముసలమ్మో ముసలయ్యో "తర్వాత తర్వాత, ముందు దూకు" అని తరిమారు.

వీధి అయిపోయింది. చివరి ఇంటి పీట మీద నిలబడి చూస్తే, ముందు వంతెన. మధ్యలో వంద బారల బయలు, ఒక్క ఇల్లు లేదు. పడమటి పొద్దుకు అతని నీడ తాటిచెట్టంత పొడుగు సాగి పడి ఉంది. దాని చుట్టూ ఛాయాభటులు విందు ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

అప్పుడు భుజాన ఇంకా వేలాడుతున్న జల్లెడలు అతనికి గుర్తొచ్చాయి. అమ్ముడుపోని సరుకు! రెండు తీసి, ఒళ్ళు దాటి బయటికి వచ్చేలా వీపు వెనక ఒకటి, తల వెనక ఒకటి పట్టుకున్నాడు. నేల మీది నీడ అంచులన్నీ వేల ముక్కలై, ముక్కముక్కకీ మధ్య ఎండ చుక్కలతో తళతళలాడింది. పట్టుకోబోయిన నల్ల వేళ్ళకు ఎండ చురుక్కున తగిలి, ఛాయాభటులు కీచుమని చేతులు వెనక్కి లాక్కున్నారు. మణికేతుడు వంతెన మీద గాలిలా పరుగెత్తాడు. నూరు నిలువుల కింద లోయలో నది సన్నటి దారంలా మెరిసింది. ఆవలి ఒడ్డు చేరాడు. చింతతోపులోంచి గుర్రం సకిలించింది.

కళ్ళెం అందుకుని వెనక్కి చూశాడు. చూడకుండా ఎక్కేసి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఛాయాభటులు ఒక మనిషిని వంతెన మీదుగా ఈడ్చుకొస్తున్నారు. వాళ్ళకు నీడ దొరికింది, తిప్పన నీడ. అరుగు దాచినవాణ్ణి తోసేసే చోటు వంతెన ఈ చివరే.

పొద్దు కొండలకు రెండు బారల ఎత్తున ఉంది. నాలుగు క్రోసుల అవతల చెల్లెలి గుండె. మణికేతుడి చెయ్యి మొలలోని మూటను తడిమింది, తర్వాత కళ్ళేన్ని వదిలేసి, జీనుకు కట్టి ఉన్న కత్తిని అందుకుంది. "మందారికా, ఒక్క క్షణం ఓర్చుకో తల్లీ. ఈ మనిషిని వదిలేసి వస్తే నువ్వే నన్ను క్షమించవు" అన్నాడు పైకే.

వంతెన పక్కనే పెద్ద రాళ్ళగుట్ట ఉంది. లోయలో పారెయ్యడానికి తెచ్చి పడేసిన తామ్రనగరపు అరుగుల రాళ్ళు అవి. అతను ఒకదాని పక్కన ఒకటి నాలుగు రాళ్ళు దొర్లించి, పైన ఒక పలక లాగాడు. రాజకుమారుడి పనితనం, ఒక మూల ఊగుతూనే ఉంది. నీడలు తిప్పనను అంచుకు చేర్చేసరికి, అతని ముంజేతిని పట్టి ఒక్క గుంజు గుంజి, "కూర్చో అన్నా!" అని పలక మీద పడేశాడు.

నల్ల చేతులు జారిపోయాయి. తిప్పన ఆయాసపడుతూ రాతిని తడిమి, ఊగుతున్న మూల కింద ఒక చిన్న రాతిముక్క దోపాడు. ప్రాణం పోయే వేళ కూడా పనివాడి చెయ్యి ఊరుకోదు కదా. "నువ్వు నాకు ఉంగరం ఇస్తే చెడింది నాయనా" అన్నాడు కన్నీళ్ళతో నవ్వుతూ. "ఇది ఇచ్చావు, నిలిచింది. ఇదే సరైన పద్ధతి."

అంతలో ఛాయాభటులంతా ఒక్కచోటికి ముడుచుకుపోయారు. ఆ నల్లటి ముద్దలోంచి ఊతకర్రతో ఒక ముసలి బాటసారి లేచి, కుంటుకుంటూ వచ్చి, తిప్పన పక్కన అరుగు మీద చతికిలబడ్డాడు. కనురెప్పలు కొట్టుకోని గుడ్లగూబ కళ్ళు. ఘూకాక్షుడు!

మణికేతుడి కత్తి సగం ఒరలోంచి బయటికొచ్చి ఆగిపోయింది. చెయ్యి కదల్లేదు.

"అరుగు ఎవరైనా రావడానికే కదా, యువరాజా" అన్నాడు మాంత్రికుడు కిసుక్కున నవ్వి. "నీ అరుగెక్కిన అతిథిని నువ్వు కొట్టలేవు. నీళ్ళివ్వకుండా కదలనూలేవు. కదిలి చూడు."

మణికేతుడి పాదాలు నేలలో పాతేసినట్టున్నాయి.

"నీళ్ళు ఆ లోయలో ఉన్నాయి. నీ దగ్గర చెంబు లేదు, దిగి తేవడానికి కాళ్ళు లేవు. నాకేం తొందర లేదు. ఇద్దరం కూర్చుని చంద్రోదయం చూద్దాం."

పొద్దు కొండను తాకింది. మణికేతుడి ఒళ్ళంతా చెమట పట్టింది. సరిగ్గా అప్పుడు వంతెన మీద అడుగుల చప్పుడైంది. నెత్తిన ఖాళీ పిడకల గంపతో, చెంగు నడుముకు బిగించి, కామసాని పరుగెత్తుకొస్తోంది. వెనక దూరంగా పోలమ్మ, మంగలి, వీధి వీధంతా. కామసాని మొగుడు బతికే ఉండడం చూసింది. మాట్లాడడానికి అలవాటుగా గుంజ కోసం అటూ ఇటూ వెతికింది. గుంజ లేదు. రాళ్ళగుట్ట ఉంది.

ఆవిడ చూపు అక్కడ ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి ఒక రాతిని తడిమింది. ఇంకొకటి. మరొకటి. ఒక్క రాయి పగల్లేదు. ఒక్క అంచు చిట్లలేదు. ప్రతి రాతి అడుగునా ఉలితో చిన్న గుర్తు చెక్కి ఉంది: రోలు గుర్తు ఉన్నది పోలమ్మది, కత్తెర గుర్తు మంగలిది, తిరగలి గుర్తు ఆ పక్క ఇంటిది. ఏ ఇంటి రాయి ఆ ఇంటికి, మళ్ళీ పెట్టుకోవడానికి. తిప్పన అరుగులు కూలగొట్టలేదు. విప్పి దాచాడు, మాంత్రికుడి బండ్ల మీదే మోయించి.

కామసాని మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. మూడు నెలల తర్వాత ఆయన కళ్ళల్లోకి చూసింది.

"ఏమయ్యా" అంది. "నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నీ నోట ఆగదుగా" అన్నాడు తిప్పన.

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని మణికేతుడి వైపు తిరిగింది. "నీకిక్కడ ఇల్లుందా అబ్బాయీ? ఇల్లు లేనివాడికి అరుగేమిటి, అతిథేమిటి? ఈ రాయి చెక్కింది మా ఆయన, ఊగకుండా నిలబెట్టింది మా ఆయన. ఇది మా అరుగు. దీని మీద కూర్చున్నవాడికి నీళ్ళిచ్చే ఇల్లాలిని నేను."

ఆ మాటతో మణికేతుడి పాదాలు తేలికయ్యాయి. ఘూకాక్షుడి నవ్వు ఆగిపోయింది. "అయితే తెండి నీళ్ళు! త్వరగా!" అని గర్జించి లేవబోయాడు. మోకాళ్ళు లేవలేదు.

"తెస్తాను స్వామీ, తేకుండా ఉంటానా?" అంది కామసాని తీరిగ్గా. "చెంబు ఇంటి దగ్గర మరిచిపోయాను. చేదతాడు తెగింది, కొత్తది పేనాలి. నాకా నడుంనొప్పి. కాస్త నెమ్మది." మణికేతుడి చేతిలో నీలపుటుంగరం పెట్టి, "దీన్ని నువ్వే ఉంచుకో. పో, మీ చెల్లెలి దగ్గరికి పో" అంది.

తిప్పన గుట్టలోంచి ఒక చిన్న రాయి ఏరి అతని చేతికిచ్చాడు. దాని అడుగున ఏ ఇంటి గుర్తూ లేదు. "మా అరుగు కట్టగా మిగిలింది. మీ కోటకి మొదటిది."

మణికేతుడు నోరు తెరిచాడు, చేతులు జోడించబోయాడు. ఇద్దరూ ఒకేసారి "తర్వాత!" అన్నారు. అతను గుర్రమెక్కి దౌడు తీయించాడు.

మొదటి మిట్ట ఎక్కాక ఆగలేక ఒక్కసారి తిరిగి చూశాడు. ఎటునుంచి వచ్చిందో ఒక నల్లమబ్బు లోయ మీద నిలిచి, తొలి చినుకులు రాల్చుతోంది. అరుగు మీద మాంత్రికుడు తల వెనక్కి వాల్చి, నోరు ఆకాశానికి తెరిచాడు. వాన నీళ్ళూ నీళ్ళే కదా! మణికేతుడి గుండె జల్లుమంది. ఇంతలో కామసాని "అయ్యయ్యో, తడిసిపోతారు స్వామీ" అన్నట్టుగా చేతులాడిస్తూ లేచి, పేడ పూసి ఎండిన పిడకల గంపను అతిథి నెత్తిన, భుజాల దాకా, బోర్లించేసింది. తర్వాత వెళ్ళి మొగుడి పక్కన ఆనుకుని కూర్చుంది.

ఆ గంప ఎంతసేపు నిలుస్తుందో ఎవరికి తెలుసు? చంద్రుడు రాబోతున్నట్టు తూర్పున కొండ అంచు అప్పుడే తెల్లబడుతోంది. మణికేతుడు రాతిని గుండెకు హత్తుకుని, చినుకులూ కన్నీళ్ళూ కలిసి కారుతుండగా, ఆ వెలుగుకు ఎదురుగా గుర్రాన్ని ఉరికించాడు.